గుంత బట్టీలో బయోచార్: ఐదు విడతల డైరీ, 177 కిలోల పొడి బొగ్గు లెక్క

పత్తి కట్టెతో ఐదు విడతలుగా చేసిన బయోచార్ (గాలి సరిగా అందకుండా కట్టెను కాల్చి, నేలలో కలపడానికి చేసే బొగ్గు) కొలతలివి. మొదటి మూడు విడతలూ చెడిపోయాయి. చెడినవాటికే ఎక్కువ చోటిచ్చాం. నాలుగో విడతలో మార్చిన ప్రతిదీ వాటినుంచి తెలుసుకున్నదే. ఇదే పని మొదలుపెట్టేవాళ్ళు మూడు విడతల కట్టె పాడుచేసుకోకుండా నేరుగా నాలుగో విడత దగ్గర మొదలుపెట్టగలిగితే ఈ డైరీ పని అయినట్టే.

ముందే ఒక నియమం: ఇక్కడ కట్టె బరువైనా, బొగ్గు బరువైనా తేమ తీసేసిన పొడి బరువే. తడి బరువు రాయాల్సివచ్చిన చోట విడిగా చెప్పాం.

వాడిన సామాను: 100 కిలోల వేలాడే కాటా, గ్రాముల కాటా, 105 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే ఓవెన్, బట్టీ వేడి కొలవడానికి స్టీలు తొడుగున్న కె-టైపు థర్మోకపుల్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) కొలిచే మీటరు, రెండు 200 లీటర్ల డ్రమ్ములు, పొడుగు పిడి ఉన్న దంతె, పార, తోలు చేతి తొడుగులు, దుమ్ము మాస్కులు.

దశ 0: తేమ కొలవడం

1. కుప్ప పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి కట్టె తియ్యాలి. పైన ఎండినట్టు కనిపించినా అడుగున పచ్చిగా ఉంటుంది.
2. రెండు సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, కలిపి, 200 గ్రాములు తూచాలి.
3. ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద ఉంచాలి. రెండు గంటల తేడాతో వేసిన రెండు తూకాలూ ఒకటే అయ్యాక ఆపాలి.
4. తగ్గిన బరువును మొదటి బరువుతో భాగించి 100తో గుణించాలి.

200 గ్రాములు 148కి దిగితే తేమ 26 శాతం. అదే 52 గ్రాములను 148తో భాగిస్తే 35 శాతం వస్తుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. వేరేవాళ్ళ అంకెతో పోల్చేముందు వాళ్ళు దేనితో భాగించారో కనుక్కోవాలి. ఈ డైరీలో అన్నిచోట్లా మొదటి పద్ధతే.

దశ 1: డ్రమ్ము (విడత 1)

200 లీటర్ల డ్రమ్ము అడుగున 12 మి.మీ. రంధ్రాలు 12 వేసి, కట్టె నింపి, కిందనుంచి అంటించాం. విడి కట్టె గనక 18 కిలోలే పట్టింది. తేమ 28 శాతం. గంటన్నరసేపు తెల్లటి, ఘాటైన పొగ. చివరికి అడుగున బూడిద, పైన సగం కాలిన కొరకంచులు, మధ్యలో మాత్రం కాస్త బొగ్గు.

కారణం సూటిగానే ఉంది. కిందనుంచి అంటిస్తే కట్టెలోంచి వచ్చే వాయువులు పైనున్న చల్లటి, తడి కట్టె గుండా పోతాయి. అక్కడ వాటికి మంట దొరకదు, పొగగానే బయటపడతాయి. రంధ్రాల్లోంచి వచ్చే గాలి మాత్రం అప్పుడే తయారైన బొగ్గును తినేస్తుంది. అంటే కాలాల్సిన వాయువు కాలలేదు, మిగలాల్సిన బొగ్గు మిగల్లేదు.

వచ్చింది: 13 కిలోల పొడి కట్టెకు 2 కిలోల బొగ్గు, 15 శాతం.
మార్పు: డ్రమ్ము పక్కన పెట్టేశాం. ఇకముందు పైనుంచే అంటించాలి, అడుగునుంచి గాలి రాకూడదు.

దశ 2: గుంత, పచ్చి కట్టె (విడత 2)

గుంత కొలతలు: పైన వ్యాసం 150 సెం.మీ., అడుగున 70 సెం.మీ., లోతు 80 సెం.మీ. గోడ వాలు 63 డిగ్రీలు. పూర్తిగా నిండితే దాదాపు 790 లీటర్లు. గోడలు పారతో నున్నగా కొట్టాలి. నిట్టనిలువు గోడలైతే పైనుంచి దిగే గాలి మంటమీద సమంగా తిరగదు. మరీ వాలుగా తవ్వితే పైభాగం వెడల్పై మంట పలచబడుతుంది.

ఈ పద్ధతిలో పైన ఎగిసే మంటే మూత. కింద పొరలో పుట్టిన వాయువును ఆ మంట కాల్చేస్తుంది. వచ్చే ప్రాణవాయువునంతా మంటే వాడుకుంటుంది గనక కింద బొగ్గుకు గాలి అందదు. మంట తెగిందా, పొగ వస్తుంది, బొగ్గూ కాలిపోతుంది. పనంతా ఆ మంటను తెగకుండా నిలపడమే.

తెగింది. కట్టె తేమ 26 శాతం. 180 కిలోల కట్టెలో 47 కిలోల నీళ్ళున్నాయి. అవి ఆవిరయ్యేదాకా వేడంతా వాటికే పోయింది. గుంత కూడా ముందురోజే తవ్వింది, గోడలు చెమ్మగా ఉన్నాయి. కొత్త పొర వేసిన ప్రతిసారీ మంట పడిపోయి పది నిమిషాలు పొగ. థర్మోకపుల్ 410 డిగ్రీలు దాటలేదు. సగంలోనే ఆపేశాం.

బొగ్గు గోధుమరంగులో ఉంది, విరిస్తే నార లేచింది. చేతికి అంటిన మసి ఉత్త నీళ్ళకు పోలేదు, సబ్బు కావాల్సివచ్చింది. తారు మిగిలిందనడానికి అది గుర్తు. బాగా కాలిన బొగ్గు మసి నీళ్ళతోనే వదులుతుంది, ముక్కను రాతిమీద వేస్తే ఖంగుమంటుంది.

వచ్చింది: 133 కిలోలకు 17 కిలోలు, 13 శాతం.
ఇప్పటివరకు: కట్టె 146 కిలోలు, బొగ్గు 19 కిలోలు.
మార్పు: తేమ 15 శాతం దాటితే బట్టీ అంటించకూడదు. కొత్త గుంతలో ముందు గంటసేపు పనికిరాని పుల్లలతో మంటపెట్టి గోడలు ఆరబెట్టాలి.

దశ 3: మంట బాగుంది, ఆర్పడం చెడింది (విడత 3)

కట్టెను నేలకు తగలకుండా దుంగలమీద పేర్చి, వానపడితే కప్పి, మూడు వారాలు ఎండబెట్టాం. తేమ 13 శాతానికి దిగింది. మంట మొదటినుంచి చివరిదాకా నిలిచింది. 650 డిగ్రీలు దాటింది. పొగ దాదాపు లేదు.

చివర్లో 120 లీటర్ల నీళ్ళు పైనుంచి చల్లి, పైన 10 సెం.మీ. మట్టి కప్పి వదిలేశాం. అదే తప్పు. పైన పోసిన నీళ్ళు పై పొరల్లోనే ఆవిరైపోయి, అడుగుకు దిగలేదు. మట్టి ఎండి పగుళ్ళిచ్చింది, పగుళ్ళలోంచి గాలి దిగింది. పదహారు గంటల తర్వాత చూస్తే అడుగున 380 డిగ్రీలు. పైన చేయి పెడితే చల్లగా ఉంది. అలా ఉందని నమ్మి దాన్ని గోతాలకు ఎత్తి ఇంటి పక్కన పెట్టి ఉంటే నిప్పంటుకునేది. బొగ్గు పైకి ఆరినట్టుండి లోపల రాజుకుంటుంది. గది తలుపులు మూసి ఉంటే అదే బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపగలదు కూడా.

వచ్చింది: 278 కిలోలకు 31 కిలోలు, 11 శాతం. తర్వాతి విడతల్లో వచ్చిన 20 శాతంతో పోలిస్తే, ఒక్క రాత్రిలో దాదాపు 25 కిలోల మంచి బొగ్గు బూడిదైంది.
ఇప్పటివరకు: కట్టె 424, బొగ్గు 50.

మార్పు:
1. గుంత అడుగున 10 సెం.మీ. కంకర పరిచాం.
2. అంగుళంన్నర ఇనుప పైపును గోడ పక్కగా ఏటవాలుగా దించి, చివర కంకరలో తేల్చాం. పైపు ఉన్న వైపు గోడను మట్టితో మెత్తి మంట తగలకుండా చేశాం.
3. బయట మీటరు ఎత్తు దిమ్మెమీద డ్రమ్ము పెట్టి పైపుకు కలిపాం.

నీళ్ళు అడుగునుంచి పైకి లేస్తాయి. కింద పుట్టిన ఆవిరి పై పొరలన్నిటి గుండా పోతూ వాటినీ చల్లారుస్తుంది. ఆ ఆవిరి ఒళ్ళు కాలుస్తుంది. కొళాయి తిప్పేవాళ్ళు గుంత అంచున నిలబడకూడదు.

దశ 4: వరస కుదిరిన విడత (విడత 4)

350 కిలోల కట్టె, తేమ 12 శాతం, ముక్కల పొడుగు 60 సెం.మీ. లోపు. కాపీ చేసుకోవాల్సిన వరస ఇది:

1. ఎండుపుల్లలను గుంత మధ్యలో అడ్డదిడ్డంగా, బావి ఒరలా చతురస్రంగా పేర్చి, పైనుంచి అంటించాలి.
2. అది కూలి అడుగంతా నిప్పు పరుచుకునేదాకా కొత్త కట్టె వెయ్యకూడదు.
3. పొరకు 12 కిలోల చొప్పున, సమంగా పరచాలి. గుత్తిగా ఒకచోట వేస్తే కింద మంట చస్తుంది.
4. పై పొరమీద పలచగా తెల్లటి బూడిద కనపడగానే తర్వాతి పొర వెయ్యాలి. మాకు ఆరేడు నిమిషాలకొకటి పడింది. గడియారం చూసి వెయ్యొద్దు, బూడిద చూసి వెయ్యాలి.
5. పొగ లేస్తే తొందరపడ్డట్టు. బూడిద మందంగా పేరుకుంటే ఆలస్యం చేసినట్టు.
6. లావు మోళ్ళు మొదట, సన్న కొమ్మలు చివర. లావువి చివర్లో వేస్తే లోపల కాలకుండానే ఆర్పాల్సివస్తుంది.
7. ఆఖరి పొర ఎర్రగా అయ్యాక కొళాయి తిప్పాలి. నీళ్ళు పైకి తేలేదాకా ఆపకూడదు.

మొత్తం 28 పొరలు, మూడు గంటల పది నిమిషాలు. నీళ్ళు 380 లీటర్లు పట్టాయి. నీటి ఎద్దడి ఉన్న చోట ఈ అంకెను ముందే లెక్కలో పెట్టుకోవాలి. సగం నీళ్ళతో సరిపెడదామనుకుంటే విడత 3 మళ్ళీ జరుగుతుంది.

ఇక్కడే తూకంలో పెద్ద పొరపాటు జరగబోయింది. నీళ్ళు కారనిచ్చి ఎత్తిన బొగ్గు 142 కిలోలు తూగింది. 350కి 142 అంటే 40 శాతం! ఇలాంటి తెరిచిన బట్టీలో అది సాధ్యం కాదు. అదే బొగ్గునుంచి 200 గ్రాములు ఓవెన్‌లో పెడితే తేమ 57 శాతమని తేలింది. పొడి బరువు 61 కిలోలు. తెరిచిన బట్టీలో 30, 40 శాతం దిగుబడి వచ్చిందని ఎవరైనా చెబితే వాళ్ళు తూచింది నీళ్ళనే.

వచ్చింది: 308 కిలోలకు 61 కిలోలు, 19.8 శాతం.
ఇప్పటివరకు: కట్టె 732, బొగ్గు 111.

దశ 5: గాలి అడ్డు (విడత 5)

విడత 4లో గాలి వీచిన వైపు మంట పక్కకు వాలి, ఎదుటి వైపు పొర ఒక్కటే బూడిదైంది. అంచు చుట్టూ 15 సెం.మీ. దూరం వదిలి, 40 సెం.మీ. ఎత్తు రేకు నిలబెట్టాం. రేకుకూ అంచుకూ మధ్య దిగే గాలి వేడెక్కి మంటలోకి వస్తుంది, ఈదురుగాలి తగలదు. మిగతావన్నీ మార్చలేదు. ఒక విడతలో ఒక్కటే మారిస్తే దేనివల్ల ఏమైందో తెలుస్తుంది. కట్టె 350 కిలోలు, తేమ 10 శాతం. ఇక్కడ తేమ కూడా రెండు పాళ్ళు తగ్గింది గనక పెరిగిన దిగుబడినంతా రేకు ఖాతాలో వెయ్యడం లేదు.

వచ్చింది: 315 కిలోలకు 66 కిలోలు, 21 శాతం.
ఇప్పటివరకు: కట్టె 1047, బొగ్గు 177. సగటు 16.9 శాతం.

వరి ఊక గురించి ఒక్క మాట. ఈ గుంతలో ఊక పొయ్యకండి. సందులుండవు గనక మంటను కప్పేస్తుంది. దానికి మధ్యలో రంధ్రాల గొట్టం నిలబెట్టి చుట్టూ పోసే పద్ధతి వేరే ఉంది. ఊక బొగ్గులో బూడిద చాలా ఎక్కువ, అదీ ముఖ్యంగా సిలికా. ఆ దుమ్ము పీల్చకూడదు.

దశ 6: పొలానికి పోయేముందు పరీక్షలు

పీహెచ్: ఐదు గ్రాముల బొగ్గు పొడి, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, గంటన్నర కదిపి చూడాలి. విడత 4 బొగ్గు 9.8 చూపించింది. ఆమ్ల నేలకు ఇది సున్నంలా పనికొస్తుంది. క్షార నేలలో ఎక్కువ మోతాదు వేస్తే జింకు, ఇనుము మొక్కకు అందడం తగ్గుతుంది. నేల పీహెచ్ తెలియకుండా బయోచార్ ఇమ్మని ఎవరికీ చెప్పకూడదని అప్పుడే రాసుకున్నాం.

మొలక పరీక్ష: ముల్లంగి గింజలు 40 చొప్పున. ఉత్త మట్టిలో 37 మొలిచాయి. విడత 4 బొగ్గు కలిపిన మట్టిలో 36. విడత 2 పొగబొగ్గు కలిపినదాంట్లో 27. విడత 1, 2 బొగ్గు 19 కిలోలూ పొలం పనికి రావని పక్కన పెట్టాం.

దశ 7: పచ్చి బొగ్గు, మాగిన బొగ్గు

మొదటి మడుల పరీక్షే తప్పుగా వేశాం. 2 మీటర్లు × 2 మీటర్ల మడులు తొమ్మిది: మూడు ఖాళీ, మూడింటిలో పచ్చి బొగ్గు (ఏదీ కలపకుండా, బట్టీలోంచి తీసింది తీసినట్టే), మూడింటిలో కంపోస్టుతో మాగిన బొగ్గు. మోతాదు చదరపు మీటరుకు కిలో, అంటే హెక్టారుకు 10 టన్నుల లెక్క. మాగిన బొగ్గు మడులు కళకళలాడాయి. కానీ ఆ కళ బొగ్గుదా, కంపోస్టుదా? కంపోస్టు ఒక్కటే వేసిన మడి లేదు గనక చెప్పలేం. పంటకాలమంతా పోయింది.

రెండోసారి పన్నెండు మడులు, పంట ముల్లంగి. మూడేసి మడుల మొత్తం దిగుబడి:

ఖాళీ: 11.2 కిలోలు
పచ్చి బొగ్గు: 9.4
కంపోస్టు ఒక్కటే: 14.6
కంపోస్టుతో మాగిన బొగ్గు: 15.3

పచ్చి బొగ్గు మడుల్లో పన్నెండో రోజునుంచే ఆకు పసుపెక్కింది. కొత్త బొగ్గు అమ్మోనియంను పట్టుకుంటుంది, దానిమీద మిగిలిన తేలికపాటి పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, నేల పీహెచ్ అప్పటికే 7.9. మూడూ కలిశాయి. బయోచార్ అంటే రైతుకు నమ్మకం పోయేది ఇలాంటి మొదటి పంటతోనే. గోతాం పచ్చి బొగ్గు చేతికిచ్చి పొలంలో చల్లుకోమనడం ప్రచారం కాదు, నష్టం చెయ్యడం.

14.6కూ 15.3కూ ఉన్న తేడా అదే రకం మడుల మధ్య ఉన్న తేడాకన్నా చిన్నది. కాబట్టి బొగ్గువల్ల దిగుబడి పెరిగిందని మేం చెప్పడం లేదు. వేరేచోట్ల జరిగిన ప్రయోగాలను కలిపి చూస్తూ 2017లో వచ్చిన ఒక విశ్లేషణలోనూ ఉష్ణమండల నేలల్లో సగటున 25 శాతం పెరుగుదల కనిపించింది, సమశీతోష్ణ నేలల్లో సగటున ఏమీ లేదు. ఆమ్లం ఎక్కువై, సారం తక్కువైన నేలకే లాభం ఎక్కువ. అమెజాన్‌లోని నల్లమట్టి, టెర్రా ప్రెటా, బొగ్గు గొప్పతనానికి సాక్ష్యంగా చూపిస్తారు. ఆ మట్టిలో బొగ్గుతోపాటు ఎముకలు, వంటింటి చెత్త, పెంటా కలిసి ఉన్నాయన్నది కూడా అదే గొంతుతో చెప్పాలి.

మాగబెట్టే వరస:

1. బొగ్గు తడిగా ఉండగానే గోతంలో వేసి నలగ్గొట్టి, 10 మి.మీ. జల్లెడ పట్టాలి. ఎండాక కొడితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
2. కొలతలో సగం బొగ్గు, సగం కంపోస్టు. మా బొగ్గు లీటరు 150 గ్రాములు తూగింది, అంటే మడికి 4 కిలోలు కావాలంటే 27 లీటర్లు.
3. పిడికిట్లో పిండితే రెండుమూడు చుక్కలు రాలేంత తడి ఉంచాలి.
4. నాలుగు వారాలు నీడలో, వారానికోసారి తిరగెయ్యాలి.
5. వేళ్ళు ఉండే 10–15 సెం.మీ. లోతులో కలపాలి. పైన చల్లి వదిలేస్తే గాలికీ వానకీ కొట్టుకుపోతుంది.

దశ 8: వాతావరణం లెక్క

"కిలో బయోచార్ మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను పాతిపెడుతుంది" అన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. బొగ్గంతా కార్బనే అయి, అంతా నేలలో నిలిచిపోతే 3.67 కిలోలు. రెండూ జరగవు. విడత 4, 5 కలిపి 127 కిలోలకు లెక్క కడితే:

1. కార్బన్ వాటా: ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019 సవరణ మార్గదర్శకాల్లో చెక్కబొగ్గుకు 0.77, గడ్డిజాతి బొగ్గుకు 0.65. పత్తి కట్టె చెక్కకు దగ్గరే అయినా, ల్యాబ్ రిపోర్టు లేదు గనక తక్కువదే తీసుకున్నాం. 127 × 0.65 = 82.6 కిలోలు.
2. వందేళ్ళకు మిగిలేది: 600 డిగ్రీలు దాటిన బొగ్గుకు 0.89. మిగిలేది 73.5 కిలోలు.
3. కార్బన్ బరువును కార్బన్ డయాక్సైడ్ బరువుగా మార్చడానికి 44/12తో గుణిస్తే 269 కిలోల కార్బన్ డయాక్సైడ్.
4. కట్టె నరికిన యంత్రానికి నాలుగు లీటర్ల డీజిల్: 11 కిలోలు తీసెయ్యాలి.
5. మీథేన్: మాకు కొలిచే పరికరం లేదు. కిలో బొగ్గుకు 30 గ్రాములు వెలువడిందనుకుంటే 3.8 కిలోలు. వందేళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కన్నా 27 రెట్లు వేడి పెంచుతుంది, అంటే 103 కిలోలు తీసెయ్యాలి.

మిగిలింది 155 కిలోలు. కిలో బొగ్గుకు 1.2.

ఇదే లెక్క విడత 2కు వేస్తే వణుకు పుడుతుంది. 450 డిగ్రీలు దాటని బొగ్గుకు నిలకడ 0.65 మాత్రమే. కిలోకు 1.55 కిలోల కార్బన్ డయాక్సైడ్ నిలుస్తుంది. ఆ పొగలో కిలో బొగ్గుకు 60 గ్రాముల మీథేన్ పోయి ఉంటే 1.62 కిలోలు తిరిగి గాలిలో కలిసినట్టు. అంటే ఆ బట్టీ పెట్టకపోయి ఉంటేనే నయం. తడి కట్టెతో బయోచార్ చేసి వాతావరణానికి మేలు చేశామనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క అంకె చెబుతుంది. పొగ కనపడితే లాభం పోతున్నట్టే లెక్క.

ఇంకో షరతు ఉంది. ఆ కట్టె మరోలా ఏమయ్యేదో చూసుకోవాలి. పొలంలోనే తగలబెట్టేదైతే తీసుకోవచ్చు. పశువుల మేతగానో, నేలమీద కప్పుగానో, పొయ్యిలోకో పోయేదాన్ని బట్టీకి తెస్తే ఆ లోటు ఇంకోచోట పూడ్చాల్సివస్తుంది. బొగ్గుకోసం చెట్టు కొట్టడమైతే అసలు ఈ పనే కాదు.

దశ 9: పంచేటప్పుడు

లెక్క: తయారైంది 177 కిలోలు. పక్కన పెట్టింది 19. రెండు పరీక్షల మడుల్లోకి పోయింది 48. మిగిలింది 110, కంపోస్టుతో మాగుతోంది.

ఇకనుంచి ప్రతి గోతానికీ ఒక చీటీ కడుతున్నాం: ఏ కట్టె, బట్టీ తేదీ, కట్టె తేమ, బట్టీ వేడి, బొగ్గు పొడి బరువు, పీహెచ్, దేనితో ఎన్ని రోజులు మాగింది. తీసుకునేవాళ్ళు తమ పొలంలో మూడు చిన్న పట్టీలు వదలాలి: ఖాళీ, కంపోస్టు ఒక్కటే, కంపోస్టూ బొగ్గూ. ముందు నేల పీహెచ్ చూపించాలి. 8 దాటితే చదరపు మీటరుకు పావుకిలో మించి ఇవ్వడం లేదు, అదీ ఒక మూలన వేసి చూడడానికే.

అవే పన్నెండు మడుల్లో రెండో పంటకు మళ్ళీ బొగ్గు వెయ్యకుండా విత్తాం. పచ్చి బొగ్గు మడుల్లో ఈసారి పన్నెండో రోజుకు ఆకు పచ్చగానే ఉంది. తూకాలు పంట తీశాక ఇక్కడే రాస్తాం.